గ్యారేజీలో ఆడగొంతు

"గ్యారేజీలోకి టీ తెచ్చేటప్పుడు తలుపు కొట్టి రా" అన్నాడు తమాటి. ఇరవై రెండేళ్ల కాపురంలో వైమారీ తన ఇంట్లో తాను తలుపు కొట్టాల్సి రావడం అదే మొదటిసారి.

చిలగడదుంపలకి తొక్క తీస్తూ ఆ మాటే నెమరేసుకుంది. మొగుడి బ్యాండు తొలి ఆల్బమ్‌ వచ్చి ఇరవై ఏళ్లయిందని ఇప్పుడు దాన్ని గ్యారేజీలో డబ్ రెగ్గే బాణీలో మళ్లీ కడుతున్నారు. తమాటి పినతండ్రి కొడుకు పిరిపి పాత టేపుల్లోంచి పాటనీ గిటార్లనీ తీసేసి, డ్రమ్ములూ బేసూ మాత్రం ఉంచుతాడు. మిగతాదంతా అక్కడో ముక్క ఇక్కడో ముక్క ప్రతిధ్వనిలా వదులుతాడు. శనివారం, సభలూ విందులూ జరిగే ఊరి మరాయ్‌లో తెగవాళ్లందరి ముందూ విడుదల. వందమందికి వంట వైమారీది. చేస్తావా అని అడిగినవాళ్లు లేరు. తొలి ఆల్బమ్‌ అప్పుడూ అంతే.

మంగళవారం బట్టలారేస్తుంటే గ్యారేజీలోంచి ఆడగొంతు వినబడింది. వయసులో ఉన్న గొంతు. మాటల్లేవు, మెత్తటి కూనిరాగం, మధ్యలో చిన్న నవ్వు. వెళ్లి తలుపు కొట్టగానే ఆగిపోయింది. తమాటి అడ్డంగా నిలబడి ఏం కావాలన్నాడు. పిరిపి నేల చూపులు చూశాడు. సోఫా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగిచూసి, తన మీద తనకే అసహ్యం వేసి వెనక్కొచ్చేసింది.

బుధవారం మళ్లీ అదే గొంతు. ఉతికే చొక్కాల మీద వెంట్రుకలు వెతికింది. అతను స్నానానికెళ్తే ఫోను తిరగేసింది. ఏమీ దొరకలేదు, దొరక్కపోవడంతో అనుమానం ఇంకా పెరిగింది. "వాయించేవాడి పెళ్లానికి చెవులుండకూడదే పిల్లా" అని పెళ్లైన కొత్తల్లో అత్త కురా అన్న మాట గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ చెవులు లేకుండానే వండింది, ఉతికింది, ముగ్గురు పిల్లల్ని పెంచింది.

గురువారం తమాటి ఆల్చిప్పల కోసం సముద్రపు రాళ్ల దగ్గరికి వెళ్లాడు. వైమారీ తలుపు కొట్టకుండా గ్యారేజీలోకి దూసుకెళ్లింది.

"ఎవతె అది?"

పిరిపి మీట నొక్కాడు. కూనిరాగం, నవ్వు, ఆ వెనకే పసిపిల్ల మూలుగు. వైమారీ అమ్మమ్మ పాడే జోలపాట అది.

"అది నువ్వే వదినా."

గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్డులో రికార్డింగు జరిగిన రోజు అది. నెలల పిల్లని భుజానేసుకుని డ్రమ్ముల వెనక అటూ ఇటూ తిరిగింది తనే. ఆ కూనిరాగం డ్రమ్ముల మైకులోకి వెళ్లి, ఇరవై ఏళ్లు గిటార్ల కింద పడి ఉంది. మీదున్నవన్నీ తీసేసరికి అది మిగిలింది.

"ముందు నీ రాగం, తర్వాత అదే రాగం అన్న బేసులో. ఏ టేపు చూసినా అంతే" అన్నాడు పిరిపి. "చెరిపెయ్యమన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

ఆ బేసు సముద్రమే తనకి నేర్పిందని తమాటి రేడియోలో ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పినప్పుడల్లా ఈమె ఎంత పొంగిపోయిందో. దానికంటే, తన గొంతు తనే పోల్చుకోలేకపోయినందుకు ఎక్కువ ఏడుపొచ్చింది.

"చెరిపేశావా?"

"ఇంకా లేదు."

"చెరపకు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

శనివారం మరాయ్‌లో తమాటి ప్రసంగానికి లేచాడు. మగవాడు మాట్లాడటం ముగించాక అతని ఇంటి ఆడవాళ్లు లేచి పాడితేనే ఆ మాటకి విలువ. అతని మాట దారి తప్పితే, ముగించేదాకా ఆగక్కర్లేదు, మధ్యలోనే పాట అందుకుని ఆపెయ్యొచ్చు. ఆ సంగతి అందరికీ తెలుసు. వైమారీ ఎప్పుడూ వాడుకోలేదు.

"ఈ ఆల్బమ్‌కి ప్రాణం ఆ బేసు రాగం. అది నాకు సముద్రం..."

వైమారీ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వంటశాలలోంచి వచ్చి నిలబడి, జోలపాట ఎత్తుకుంది. మొదటి పాదానికే జనం తలలు ఆమె వైపు తిరిగాయి. ఇరవై ఏళ్లుగా బేసులో విన్న ఆ రాగం తెలియనివాళ్లు అక్కడ లేరు. రెండో పాదానికి కురా చేతికర్ర ఆనించి లేచి, కోడలి పక్కన నిలబడి గొంతు కలిపింది.

పాట అయ్యేదాకా తమాటి కూర్చోకూడదు, నోరెత్తకూడదు. ఆ జోలపాటకి ఏడు చరణాలు. వైమారీ ఒక్కటీ వదల్లేదు.