పెద్దవాళ్ళ జెర్సీ

పుల్లక్యాబేజీ సూపు గుండిగలో ముంచిన గరిటె ముంచినట్టే ఉండిపోయింది. మిల్లు క్యాంటీను వరసలో నిలబడ్డ మనిషి గిన్నె చాపడం మానేసి బ్లజేనా మొహంలోకే చూస్తున్నాడు.

"సంతకం పెట్టాడా, వదినా?"

"ఎవరు?"

"ఎవరంటావేంటి! నీ మొగుడు. మారోష్ కాగితాల మీద."

"నీకు సూపు కావాలా, సంతకం కావాలా? వెనక జనం ఉన్నారు, జరుగు."

పొద్దున్నుంచి ఇదే తంతు. కొలిమి దగ్గరవాళ్ళు, రోలింగ్ షెడ్డువాళ్ళు, లారీలకు ఎత్తేవాళ్ళు, ఆఖరికి గేటు దగ్గర కుక్కను పట్టుకుని కూర్చునే ముసలాయన కూడా ఇదే మాట. ఉక్కు మిల్లు జీతాలిచ్చి రెండు నెలలు దాటింది. ఇళ్ళలో బంగాళాదుంపలూ పందికొవ్వు రాసిన రొట్టే తప్ప మరోటి లేదు. ఆ జీతం మాట అడగడానికి పెగలని నోళ్ళు ఆట మాట అడగడానికి మాత్రం బాగానే లేచాయి. బ్లజేనాకి ఒళ్ళు మండిపోతోంది. అయినా గరిటెడు సూపు పోస్తూనే ఉంది.

రుద్నా ఊరి ఐస్ హాకీ జట్టు శనివారం ఆట కూడా ఓడిపోతే కింది తరగతికి పడిపోతుంది. ముందువరస ఆటగాళ్ళలో ఇద్దరు దెబ్బలు తగిలి మంచమెక్కారు. ఒకడు జీతం రాక విసిగి పక్కదేశం జట్టులో చేరిపోయాడు. మిగిలిన ఆశల్లా పిల్లల జట్టులో ఆడే మారోష్. బ్లజేనా కొడుకు. వాడికి పదహారేళ్ళు. మంచు మీద వాడు కదిలితే చూసేవాళ్ళు ఊపిరి తియ్యడం మర్చిపోతారు, ఆ మాట తల్లి కూడా కాదనదు. వాడు ఏదో ఒకనాడు జీతానికి ఆడే ఆటగాడవుతాడన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. ఎప్పుడన్నదే గొడవ.

అంతలో క్యాంటీన్లో గోల ఆగిపోయింది. డైరెక్టర్ హవ్రిలా వచ్చాడు. మిల్లూ ఆయనదే, జట్టూ ఆయనదే. ఆయన ఈ గుమ్మం తొక్కడం ఎవరూ ఎరగరు. వరసలో నిలబడి, గిన్నె చాపి, సూపు పోయించుకుని, నిలబడే ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

"బాగుంది బ్లజేనా. మా ఇంట్లో ఇలా చెయ్యరు," అన్నాడు. "శనివారం ఆస్ట్రియావాళ్ళు వస్తున్నారు. మిల్లు కొనేవాళ్ళు. ముందు ఆటకే తీసుకెళ్తున్నా. ఓడిపోయిన ఊళ్ళో ఎవడైనా డబ్బు పెడతాడా, నువ్వే చెప్పు?"

"మావాడికి పదహారేళ్ళు సార్."

"నన్ను పదహారేళ్ళకే కొలిమి ముందు నిలబెట్టారు. చచ్చానా?"

వరసలో వాళ్ళందరూ ఘొల్లున నవ్వారు. వాళ్ళలో సగంమంది బ్లజేనా పెళ్ళికి వచ్చి తాగి ఆడినవాళ్ళే.

"ఇంకో రెండేళ్ళు ఆగమని ఆట నేర్పే గెజా మాస్టారే అన్నారు సార్. ఎముకలింకా ముదరలేదన్నారు."

"గెజాతో మాట్లాడాంలే. మీ ఆయన సంతకం ఒక్కటే చాలని లాయరు చెప్పాడు. నువ్వేం బెంగ పెట్టుకోకు." చంకలో ఉన్న పొట్లం తీసి గుండిగ పక్కన పెట్టాడు. "ఇది వాడి జెర్సీ. మొదటి ఆటకి తల్లి చేత్తో ఇవ్వడం మన ఆనవాయితీ కదా, టీవీవాళ్ళకి కూడా చెప్పాను. స్టోర్లో పెద్ద సైజులే ఉన్నాయి. చేతులు కాస్త కత్తిరించి, కింద మడిచి కుట్టెయ్. నీకో గంట పని."

సూపు అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు. గిన్నెలు తోమే ఒతిలియా దాన్ని తెచ్చి తొట్టిలో ఒంపింది.

"కుట్టవే," అంది చిన్నగా. "ఎందుకంత ముఖం మాడ్చుకుంటావు?"

"నువ్వా ఈ మాటనేది?"

ఒతిలియా కొడుకు విలో. వాణ్ణి కూడా పదిహేడేళ్ళకే పెద్దలతో ఆటకి దింపారు. ఇప్పుడు ఒక తుంటి పనికిరాదు. ఆట జరిగే మంచు రింకు గేటు దగ్గర స్టూలేసుకుని టికెట్లు చింపుతాడు.

"అవును, నేనే. మూడు నెలలు ఊరు ఊరంతా మావాడి పేరు పెట్టి అరిచింది. ఆ మూడు నెలలూ తీసేస్తే వాడికేముంది, నాకేముంది?" ఒతిలియా గిన్నె తుడుస్తూనే అంది. బ్లజేనాకి తిట్టాలనిపించింది. కావలించుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

* * *

సాయంత్రం వంటింటి బల్ల మీద జెర్సీ పరిచింది. బల్లంతా అదే అయింది. పక్కనే ఇస్త్రీ చెయ్యాల్సిన మారోష్ స్కూలు ప్యాంటు. దానికి ఒకదాని కింద ఒకటి, వెలిసిపోయిన మూడు గీతలున్నాయి. చలి మొదలైన దగ్గర్నుంచి మడత విప్పిన ప్రతిసారీ ఒక గీత మిగిలింది. ఇంక విప్పడానికి గుడ్డ లేదు. ఒకే పిల్లాడు! ఒక గుడ్డ పొడుగు చెయ్యాలి, ఒక గుడ్డ పొట్టి చెయ్యాలి.

ఆమె మొగుడు దెజిదేర్ వచ్చి టోపీ తీసి కొక్కేనికి తగిలించాడు. మిల్లులో క్రేను నడుపుతాడు. వస్తూ వస్తూ ఎవరో తాగించినట్టున్నారు, ప్లమ్ సారా వాసన కొడుతోంది.

"పెట్టేశావా?" అంది బ్లజేనా.

"పెట్టేశా."

"నాతో ఒక్క మాటైనా అనకుండానా?"

"అంటే ఏం చేసేదానివి?" దెజిదేర్ కుర్చీలో కూలబడ్డాడు. "పెట్టకపోతే సోమవారం నన్ను క్రేనెక్కనిస్తారా? హవ్రిలా సంగతి వదిలెయ్. మనవాళ్ళే ఎక్కనివ్వరు. నిచ్చెన దగ్గరే కాళ్ళు పట్టి లాగేస్తారు."

"వాళ్ళకి జీతం ఎగ్గొట్టింది మనవాడా? హవ్రిలా కాళ్ళు లాగమను!"

"గట్టిగా అరవకు. గోడలు పల్చన."

"విలోని చూస్తున్నావు కదా రోజూ."

"చూస్తున్నా." చేతులు మోకాళ్ళ మీద వేలాడేశాడు. "వాడిలా కాదులే. మనవాడు చురుకైనవాడు, దొరకడు."

ఆ మాట తను కూడా నమ్మట్లేదని అతని గొంతే చెప్పింది. మొగుడి మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ మోకాళ్ళ మీద వేలాడుతున్న ఆ చేతులు చూసేసరికి నిలవలేదు. అతను కావాలని చేశాడా? ఊరంతా కలిసి చేయించింది.

మారోష్ గుమ్మంలో నిలబడి అంతా వింటున్నాడు. తల ద్వారబంధానికి తగలకుండా వంచుకోవడం ఈమధ్యే నేర్చుకున్నాడు. మెడ మాత్రం ఇంకా కోడిపిల్ల మెడే.

"అమ్మా, నేను ఆడతానంటున్నా కదా. నన్ను ఒక్కళ్ళూ అడగరేంటి?"

"నిన్నే అడుగుతున్నా. మోకాళ్ళు నొప్పెడుతున్నాయా?"

"లేదు."

"మరి ఆ చెయ్యి అక్కడెందుకు పెట్టావు?"

వాడు మోకాలి మీంచి చెయ్యి తీసేశాడు. "పెరిగేవాళ్ళకి నొప్పులుంటాయిగా," అన్నాడు నవ్వుతూ. "మొదటి జీతం రాగానే నీకు కుట్టుమిషన్ కొంటా. కరెంటుది." వాణ్ణి కాదనడానికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక, గసగసాల రొట్టె ముక్క తీసి చేతిలో పెట్టింది.

* * *

మర్నాడు డ్యూటీకి ముందే రింకుకి వెళ్ళింది. గెజా మాస్టారు బుడతలకి నడక నేర్పుతున్నాడు. ఒక్కొక్కడూ ఒక్కో కుర్చీ పట్టుకుని మంచు మీద తోసుకుంటూ పోతున్నాడు. మారోష్ కూడా అలా కుర్చీ తోస్తూనే నేర్చుకున్నాడు. వాణ్ణి ఆ వయసు నుంచి ఎరిగినవాడు గెజా. పెద్దలు గోడకేసి గుద్దితే ఈ ఒళ్ళు ఆగదు, వీడికి ముందు మాంసం పట్టనివ్వండి, తర్వాత ప్రపంచమంతా వీడిదే అని వారం కిందటే వంటింట్లో కూర్చుని చెప్పాడు.

"మాస్టారూ, మీరు వెళ్ళి ఆ మాటే హవ్రిలాకి చెప్పండి. మీ మాట కొట్టెయ్యలేడు."

"ఆడగలడమ్మా," అన్నాడు గెజా.

"ఏంటీ?"

"మారోష్. ఆడగలడు. సిద్ధంగానే ఉన్నాడు."

"నా మొహం చూసి చెప్పండి."

ఆయన చూడలేదు. పడిపోయిన ఒక బుడతణ్ణి లేపి, చేతి తొడుగులు సరిచేసి, కుర్చీ చేతికిచ్చి పంపాడు. "జట్టు పడిపోతే పిల్లలాడే ఈ మంచుకి కరెంటు ఆపేస్తానన్నాడు హవ్రిలా," అన్నాడు చివరికి. "వీళ్ళందర్నీ ఎక్కడికి పొమ్మనను?"

బ్లజేనా ఆ పిల్లల్ని చూసింది. ముక్కులు కారుతూ, బుగ్గలు ఎర్రబడి, అందరూ మారోష్‌లే. తన పక్కన నిలబడతాడనుకున్న ఆఖరి మనిషి కూడా జారిపోయాడని అర్థమైంది.

బయటికొస్తుంటే గేటు దగ్గర విలో స్టూలు మీంచి లేచాడు. లేవడానికి గోడ పట్టుకున్నాడు.

"అత్తా, మారోష్‌కి ఒక్క మాట చెప్పు. ఆట బిళ్ళ గోడ మూలకి పోయినప్పుడు తల దించి వెతుక్కోవద్దను. నేను తల దించా."

"చెప్తాను నాయనా," అంది.

* * *

శనివారం స్టేడియం కిక్కిరిసింది. ఎనభై కోరునాల టికెట్టు, జీతాల్లేని ఊళ్ళో, ఒక్కటీ మిగల్లేదు. పైన గాజుగదిలో ఆస్ట్రియావాళ్ళు కూర్చున్నారు. మంచు మీదికి వెళ్ళే సొరంగంలో కెమెరావాళ్ళు, హవ్రిలా, దెజిదేర్, వాళ్ళ వెనక గెజా. బ్లజేనా చేతిలో పొట్లం ఉంది.

మైకులో మారోష్ పేరు వినిపించింది. జనం బెంచీల మీద కాళ్ళతో దరువేస్తున్నారు. మిగతా ఆటగాళ్ళు ఒక్కొక్కరే పక్కనుంచి వెళ్ళిపోయారు. గడ్డాలవాళ్ళు, పళ్ళూడినవాళ్ళు. ఒక్కొక్కడి భుజాలు మారోష్‌కి రెండింతలు. ఆఖర్న వాడు, తొడుగుల మీద జెర్సీ లేకుండా, కళ్ళు మెరుస్తూ నిలబడ్డాడు.

బ్లజేనా పొట్లం విప్పింది. హవ్రిలా చూశాడు.

"కుట్టలేదా?"

"లేదు."

"ఏం?"

"పెరిగే పిల్లాడి బట్ట నేను కత్తిరించను సార్. ఎప్పుడూ కత్తిరించలేదు." జెర్సీని మడిచి గుండెకి హత్తుకుంది. "ఇది వాడికి రెండేళ్ళకి సరిపోతుంది. అప్పుడు నేనే తెచ్చి తొడుగుతాను."

"పిచ్చి పట్టిందా నీకు? టీవీ చూస్తోంది. ఇలా ఇవ్వు."

"ఇవ్వను."

"దెజిదేర్, నీ పెళ్ళానికి చెప్పు!"

దెజిదేర్ ఒక అడుగు ముందుకేశాడు. భార్య చేతుల వైపు చూశాడు. అక్కడే ఆగిపోయాడు. గెజా టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. ఆ జెర్సీని ఆమె చేతుల్లోంచి లాక్కోవడం ఎంతసేపు! ఇంకోటి తేవడమూ ఎంతసేపు! సంతకం ఎప్పుడో అయిపోయింది. అది బ్లజేనాకీ తెలుసు. అయినా వదల్లేదు.

బయట వేలమంది కొడుకు పేరు పెట్టి అరుస్తున్నారు. కాళ్ళ కింద నేల అదురుతోంది.

"అమ్మా, ఇచ్చెయ్యమ్మా," అన్నాడు మారోష్. ఏడుపు ఆపుకుంటున్నాడు. "అందరూ చూస్తున్నారు."

చెయ్యి చాపాడు. కిందటేడు కొన్న పొడుగుచేతుల లోపలి బనీను పొట్టయిపోయి, మణికట్టు బెత్తెడు బయటికి వచ్చేసింది. ఆ సన్నటి మణికట్టు వైపు చూస్తూ, జెర్సీని ఇంకా గట్టిగా పట్టుకుని, బ్లజేనా అలాగే నిలబడి ఉంది.