చిక్కన్న బస్సుకు బండినీడ

పొద్దున్నే నరసక్క సంగటి కెలుకుతూ ఉంటే, ఆమె మొగుడు చిక్కన్న పొయ్యికి వీపు పెట్టి, బోర్లించిన గంపమీద కూర్చుని జల్లెడ తిప్పుతూ ఉండేవాడు. జల్లెడ స్టీరింగు. కుడికాలి ముందున్న పీట బ్రేకు. నిడుగల్లులో ఈ వైభోగం చూసి నవ్వనివాళ్లు లేరు.

"మామా, మీ యక్క ఈరక్క నిన్న బాయికాడ నీ గురించి ఏమన్నాదో ఎరికేనా?"

"ఏమన్నాది?" అంటూ చిక్కన్న గిరుక్కున వెనక్కి తిరిగాడు.

సంగటి తెడ్డు నెత్తిమీద పడింది. "బస్సు చేన్లో పడిపాయ. మళ్లా మొదట్నుంచి తోలు."

"వేడి తెడ్డుతో కొడతావేందే?"

"ఇన్‌స్పెక్టరు కంటే నేనే మేలు. ముందుకు చూడు."

పాపం, చిక్కన్న తెలివితక్కువవాడేం కాదు. అలవాటు అట్లాంటిది. అవి మైసూరు మహారాజుల రోజులు. కొండ కింది పల్లెల నుంచి శనక్కాయల మూటలతో బండ్లు బారుగా పావగడ సంతకు పోయేవి. ఆ రోజులు తలుచుకుంటే పచ్చికాయల వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది. దారి చూసుకునే పని ఎద్దులది. బండివాడు హాయిగా వెనక్కి తిరిగి కూర్చుని, వెనక బండివాడితో ఊళ్లోని సంగతులన్నీ మాట్లాడుకుంటూ పోయేవాడు. నిలపాలంటే పగ్గాలు లాగి "హో" అంటే సరి.

చిక్కన్న ఎద్దులు రెండు. కర్రోడు, మైలోడు. కర్రోడు తన మేత వదిలేసి ఎప్పుడూ మైలోడి మేతలోకి మూతి పెట్టేవాడు, మైలోడు ఊరుకునేవాడు. ఒక వేసవిలో రోగమొచ్చి రెండూ వెనకాముందుగా పోయాయి. వాటిని చేను గట్టున పూడ్చి వచ్చిన నాడు చిక్కన్న ముద్ద ముట్టలేదు.

ఆ తర్వాత పావగడ గుండప్ప అతన్ని చేరదీశాడు. గుండప్పకు ఒక బస్సు ఉంది కానీ కళ్లు మసకలు పడుతున్నాయి. దారిలో ప్రతి రాయీ తెలిసిన మనిషని చిక్కన్నను పక్కన కూర్చోబెట్టుకుని బస్సు నేర్పాడు. చిక్కన్న స్టీరింగు పట్టిన మొదటిరోజు నుంచీ ఆ బస్సుకు బస్సు నీడ పడలేదు. బండి, కాడి, రెండు ఎద్దులు, అదీ నేలమీద పడే నీడ. సంతకు పోయే ఆడవాళ్లు బస్సు ఎక్కేటప్పుడు ఎద్దు తన్నుతుందేమోనని కాస్త పక్కకు జరిగి ఎక్కేవాళ్లు. ముసలి కాటమ్మ అయితే నీడమూతి దగ్గర గుప్పెడు ఉలవలు చల్లి, కొంగు దులుపుకుని మరీ ఎక్కేది.

లైసెన్సు పరీక్షకు తుమకూరు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు కూడా నీడ చూశాడు. దాని గురించి రూల్సులో ఏమీ లేదన్నాడు. కొంత దూరం పోయాక వెనక సీటులోంచి, ఈ ఏడు వానలెట్లా ఉన్నాయని కన్నడంలో అడిగాడు. పెద్దమనిషి అడిగితే మొహం చూసి చెప్పాలి కదా. చిక్కన్న పూర్తిగా వెనక్కి తిరిగి, వానల సంగతి మొదలుపెట్టాడు. ఎద్దుల నీడ దారిమీదే చక్కగా పోయింది. బస్సు మాత్రం శనక్కాయల చేన్లోకి దిగింది. చిక్కన్న "హో, హో" అంటూ స్టీరింగును రొమ్ముకేసి లాగాడు. మలుపులో చెయ్యి చాపలేదని ఇంకో తప్పు కూడా పడింది.

"ఇంకొక్క తూరి చూస్తా చిక్కన్నా," అన్నాడు గుండప్ప. "అదీ పోతే అనంతపురం నుంచి వేరే డ్రైవరును పిలిపిస్తా. తప్పు పట్టుకోవద్దప్పా."

అప్పుడిక మిగిలేది కోలారు. నరసక్క అన్న హనుమప్ప అక్కడ బంగారు గనిలో ఉన్నాడు, రమ్మంటున్నాడు. భూమి లోపల పని. ఎండ ఉండదు. ఎండ లేనిచోట ఎద్దుల నీడ కూడా ఉండదు. అందుకే ఈ జల్లెడ, ఈ తెడ్డు దెబ్బలు.

రెండో పరీక్ష నాడు పొద్దు వెనకనుంచి కొడుతోంది. బస్సు ముందు ఎద్దుల నీడ పొడుగ్గా పడి నడుస్తోంది. ఇన్‌స్పెక్టరు పంటల గురించి అడిగాడు. చిక్కన్న రోడ్డుమీదే కళ్లు పెట్టి జవాబు చెప్పాడు. పెళ్లాం గురించి అడిగాడు. అప్పుడూ తిరగలేదు.

దారి చీలే చోటు వచ్చింది. నేరుగా పోతే నిడుగల్లు, కుడికి తిరిగితే అరసికెరె. "కుడికి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

చిక్కన్న చెయ్యి బయటికి చాపాడు, బస్సును కుడికి తిప్పాడు. ఎద్దులు తిరగలేదు. ఎన్నేళ్లుగానో పోయిన ఇంటిదారి అది. నీడబండి బస్సు చక్రాల కింద నుంచి మెల్లగా విడిపోయి నేరుగా నిడుగల్లు వైపు సాగిపోయింది. బస్సు పక్కన పెద్ద నలుచదరపు నీడ ఒకటి కొత్తగా వచ్చి పడింది.

"నీ ఎద్దులు అటు పోతున్నాయే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తిరిగి చూడవా?"

చిక్కన్న మెడ నరాలు బిగుసుకున్నాయి. ఇంకొక్కసారి, ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంది. కళ్లలో నీళ్లు నిండి రోడ్డు అలుక్కుపోతుంటే మోచేత్తో తుడుచుకున్నాడు.

"ఇంటిదావ వాటికి ఎరికే సామీ," అన్నాడు ముందుకే చూస్తూ.

ఇన్‌స్పెక్టరు కొంత దూరం పోయాక ఆపమన్నాడు. చిక్కన్న నోటిదాకా వచ్చిన "హో"ను మింగి, బయటికి చెయ్యి చూపి, కాలితో బ్రేకు నొక్కాడు. బస్సు బుద్ధిగా నిలబడింది. "ఇక నడుపుకోవచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సాయంత్రం చిక్కన్న ఇల్లు చేరేసరికి బెల్లం కాగుతున్న వాసన వాకిలిదాకా వచ్చింది. నరసక్క పాయసం చేసింది.

"పాసైనానని నీకు ఎవురు చెప్పిరి?"

"మధ్యాన్నమే వచ్చినారులే చెప్పేవాళ్లు." నరసక్క మొగుడి మొహంలోకి చూసింది. "దావలో ఒక్కసారన్నా వెనక్కి తిరిగినావా?"

"ల్యా. తిరగల్యా."

"అయితే ఇప్పుడు తిరుగు మామా."

చిక్కన్న తిరిగాడు. ఎద్దులు పోయినప్పటి నుంచీ ఖాళీగా పడి ఉన్న కొట్టం గోడమీద పొద్దుగూకే ఎండ పడుతోంది. ఆ ఎండలో కాడి విప్పిన రెండు ఎద్దుల నీడలు నిలబడి ఉన్నాయి. నరసక్క వాటి ముందు రెండు గంపల్లో ఉలవలు పెట్టింది. కర్రోడు తన గంప వదిలేసి, మైలోడి గంపలోకి మూతి పెడుతున్నాడు.