కాల్చని చేను

మా మ్జింబా పల్లెలో లుసుంగు ఎక్కని గడప లేదు. మొక్కజొన్న కోతయ్యాక చొప్పకు నిప్పు పెట్టకండి, బోదెల కింద కప్పెట్టండి, నేలకు అదే తిండి అని అందరికీ చెప్పేది. అందరూ తలూపి, ఎప్పట్లాగే కాల్చుకునేవారు. ఆమె చేలో మాత్రం మందు బస్తా లేకుండానే కంకులు నిండేవి. ఆ సంగతి విని, చూసి నేర్చుకుంటామని ఏటి అవతలి రైతులు కబురు చేశారు.

ఆమె మొగుడు లాంగ్‌సన్ పొంగిపోయాడు. అంతమందికి ఉత్త ముద్దా ఆకుకూరా పెట్టడం అతనికి నామోషీ అనిపించింది. లుసుంగు పిండి మరకు వెళ్లిన పూట చొప్పకు నిప్పంటించి, బయటికి ఉరికిన ఎలుకలను బుట్టెడు పట్టాడు. మా వైపు చేని ఎలుకల కూరంటే విందే.

ఆమె వచ్చేసరికి చేను పొగలు కక్కుతోంది.

"ఏం చేశావయ్యా?"

"చుట్టాలకు కూర. ఇంత కొవ్విన ఎలుకలు ఇంకెవరి చేలోనూ లేవు. అంతా నీ సేద్యం చలవే."

లుసుంగు పిండి బుట్ట దించి గట్టు మీద కూలబడింది.

మర్నాడు రైతులు వచ్చారు. "ఇదే నా చేను. కాల్చింది నా మొగుడే" అని ఆమె దాచకుండా చెప్పింది. ఇక ఊళ్లో కాల్చని చేను ఒక్కటే మిగిలింది. అది ఆమె ఆడపడుచు తియోంగేది. లుసుంగు అందరినీ అక్కడికే తీసుకెళ్లింది. తియోంగేకు నిప్పు పెట్టడానికి కూడా బద్ధకం. చొప్ప పడ్డచోటే మాగింది. ఎప్పుడో జారిపడిన కంది గింజలు మధ్యలో మొలిచి పూతకొచ్చాయి. చొప్ప తొలగిస్తే కింద నేల చెమ్మగా ఉంది.

"మధ్యలో కంది వేయాలని ఎలా తోచిందమ్మా?" ఒక పెద్దాయన అడిగాడు.

తియోంగే వదిన వైపు చూసింది. లుసుంగు నేల చూపులు చూస్తోంది.

"బాగా ఆలోచించే వేశాను బాబాయ్."

భోజనాల దగ్గర ఎలుకలు ఒక్కటీ మిగల్లేదు. మగవాళ్లంతా లాంగ్‌సన్ చుట్టూ చేరి, ఎలా పట్టాడో చెప్పించుకున్నారు. వెళుతూ వెళుతూ, తమ ఊరొచ్చి నేర్పమని తియోంగేను పిలిచారు. లుసుంగుకు కడుపు మండింది. కానీ అవతలి ఒడ్డున నాలుగు చేలు కాలకుండా మిగిలితే ఎవరి పేరైతేనేం అని సర్దుకుంది.

పొద్దువాలే వేళకు తియోంగే చంకలో కోడితో వచ్చింది.

"వదినా, రేపు ఏరు దాటాలి. నేనేం చేశానో కాస్త చెప్పు."

లుసుంగు కోడిని అందుకుంది. "చెబుతాను. ముందు ఆ పార పట్టుకో."

తియోంగే పార వంక చూసింది. "నోటితో చెబితే చాలదా?"