శోకానికి కట్టిన బీటు

మధుకర్‌కు ఏడుపు రాలేదు. మస్కట్ నుంచి తండ్రి జలపతి శవం పెట్టెలో బుగ్గారం చేరిన రోజు రాలేదు, ఆ తర్వాత ఏడు నెలల్లోనూ రాలేదు. అదేం మాయరోగమో! బాధ కూడా లేదు, లోపలంతా ఉత్త ఖాళీ.

ఆ రోజు తల్లి భూమవ్వ పెట్టె మీద పడి, మా వైపు ఆడవాళ్లు ఏడ్చినట్టే రాగం తీసి, మాటకు మాట అల్లి శోకాలు పెట్టింది. మరి కొడుకేం చేశాడు? మూలన నిలబడి ఫోన్లో రికార్డు చేశాడు. చేతులకైనా ఏదో పని కావాలి కదా!

సిరిసిల్లలో మరమగ్గాల పనికి చేరాక ఆ ఏడుపుతో ట్రాప్ అనే కుర్రకారు డీజే పాట కట్టాడు. మగ్గం టకటకలు తాళమయ్యాయి. కింద డొల్లగా మోగే బేస్ పెట్టి, తల్లి గొంతును ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్‌లో సాగదీశాడు. పేరు లేకుండా నెట్‌లో వదిలితే, అది కుర్రాళ్ల ఫోన్లన్నిటికీ పాకింది. భూమవ్వకు తెలిస్తే మొహం ఎట్లా చూపించాలన్న భయం ఒక్కటే వాడిలో మిగిలిన ప్రాణం.

కోరుట్లలో భూమవ్వ తమ్ముడు దేవేందర్ బిడ్డ ప్రణీత పెళ్లి. పట్టపగలు బరాత్ ఊరేగింపులో డీజే బండి ఆ పాటే వేసింది! కుర్రాళ్లు చేతులెత్తి ఊగుతుంటే మధుకర్ జనం వెనక్కి నక్కాడు.

"బందు చెయ్యిర్రి! పెండ్లిల గీ శోకమేంది? గిది మా అక్క గొంతే!" అంటూ దేవేందర్ ఉరికాడు.

భూమవ్వ అతని చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్యి తమ్మీ. ఆనాడు నాకు సోయి లేదు. ఏమన్ననో ఇననియ్యి."

పాటంతా బండి పక్కనే నిలబడి వింది. సోయి లేదంటుంది గానీ, మూలన ఫోన్ పట్టుకున్న కొడుకును మరిచిపోలేదు. నేరుగా వాడి దగ్గరికే వచ్చింది.

"మధూ, పాటల నీ మాట ఏడా లేదేందిరా? నిన్ను తల్సుకోకుంట నేను ఏడుస్తనా?"

"ఉండె అవ్వా. కోసేసిన."

"ఎందుకు?"

"బీటుకు కుదర్లే." పచ్చి అబద్ధం.

"ఏది, వినిపియ్యి."

వంటల షామియానా వెనక్కి వెళ్లి, మధుకర్ అసలు రికార్డు పెట్టాడు. తాళం లేదు, బేస్ లేదు. భూమవ్వ పచ్చి గొంతు: "నా కొడుకు ఏడుస్తలేడయ్యా... నువ్వు పోతె పోతివి గాని, వాని ఏడుపు సుత పట్కపోతివా..."

మధుకర్ అప్పుడూ ఏడవలేదు. ఫోన్ పట్టుకున్న చెయ్యి మాత్రం వణకడం మొదలుపెట్టింది. ఆపాలని చూశాడు, ఆగలేదు.

భూమవ్వ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మల్ల పెట్టు" అంది.