రాక్షసుడి పెండ్లాం

మా ఆయన చచ్చే సీను నేనొక్కసారి కూడా చూడలేదు. ఊరంతా చూసింది. అమరచింత చుట్టుపక్కల ఎక్కడ బయలాట కట్టినా రాక్షస వేషం అనంతయ్యదే కాబట్టి ఆత్మకూరు వాళ్లు చూశారు, మక్తల్ వాళ్లు చూశారు. ఏరు దాటి రాయచూరు వైపు పోయి ఆడితే అక్కడి వాళ్లు "ఏన్ ఛంద సాయ్తానప్పా" అని వాళ్ల కన్నడంలో మెచ్చుకున్నారట, ఎంత చక్కగా చస్తాడప్పా అని. కట్టుకున్నదాన్ని నేనే చూడలేదు.

దానికి కారణం మా అత్త. నేను కాపురానికొచ్చిన కొత్తలోనే కూర్చోబెట్టి చెప్పింది.

"పెండ్లాం కండ్ల ముందల మొగడు సావొద్దు పిల్లా. ఆటల అయినా సరే. వాడు పడేటాళ్లకు నువ్వు ఇంట్ల ఉండాలె."

బయలాట రాత్రి మొదలైతే రాక్షసుడు పడేసరికి తూర్పు తెల్లబడుతుంది. వీరుడు కత్తి దూసి ఆఖరి పద్యం ఎత్తుకున్నాడంటే నేను కొంగు దులుపుకుని లేవాల్సిందే. పరుగున ఇంటికొచ్చి, పొయ్యి ముట్టించి, నిప్పులు రాజేసి, గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని గడపలో నిలబడేదాన్ని. ఆయన మొహాన రంగు కూడా కడగకుండా వచ్చి నిలబడేవాడు. దిష్టి తీసి పొయ్యిలో వేస్తే ఉప్పు చిటపటలాడేది. అంటే ఆటలో చచ్చినవాడు ఇంట్లో బతికాడని లెక్క. ఆ బతికినవాడు వెంటనే చాయ్ అడిగేవాడు. అందులో చక్కెర తక్కువైందని కూడా అనేవాడు.

ఇదంతా బాగానే ఉంది. నాకు కాలేది మర్నాడు పొద్దున. పక్కింటి భీమమ్మక్క నల్లా దగ్గర బిందె పెట్టుకుని కూర్చుని నన్ను చూడగానే మొదలుపెట్టేది.

"ఏమ్మా వనజా, పొయ్యి ముట్టిచ్చినవా?"

అని, నల్లా దగ్గరున్న ఆడవాళ్లందరితో కలిసి పడి పడి నవ్వేది. భీమమ్మక్క ఒక్కతే అయితే సరే అనుకుందును. బియ్యం తీసుకోను పోతే అక్కడా అదే మాట. ఆటో ఎక్కితే ఆటోలో అదే మాట. ఆత్మకూరులో ఎవరి పెండ్లికో పోతే, మొహం కూడా ఎరగని ఒకామె విస్తరి ముందు కూర్చుని "నువ్వేనా, పొయ్యి ముట్టిచ్చిందీ?" అని కిసకిసలాడింది. ఆట మధ్యలో లేచి ఉరుకుతానని నన్ను ఎగతాళి చేస్తున్నారని నాకు మండిపోయేది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అన్నారా? ఒకసారి భీమమ్మక్కను కడిగేశాను కూడా.

"నా పొయ్యితోని నీకేం పనక్కా? నీ నోట్ల పెట్టనా ఏంది, గా కొరివి?"

దానికి ఇంకా ఎక్కువ నవ్వారు. ఇంటికొచ్చి, జనం ఎందుకు నవ్వుతారని ఈయనను నిలదీస్తే మీసం లాక్కుంటూ ఇంటికప్పు వైపు చూసేవాడు. "జనం నోరు. నాకేం తెల్సు" అనేవాడు.

పోయిన ఎండాకాలం మా తమ్ముడి కొడుకు శ్రవణ్ కుమార్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. పరాయి భాషల బొమ్మల సినిమాలకు తెలుగులో గొంతులు పెట్టేచోట వాడు పని చేస్తాడు.

"మామా, జపానోళ్ల బొమ్మల కథ ఒకటొచ్చింది. అండ్ల పెద్ద రాక్షసుడున్నడు. పట్నంల ఎవ్వరి గొంతూ ఆనుతలేదు. నువ్వు రావాలె."

ఈయన కౌలు పొలం పని నా నెత్తిన పెట్టి, భుజాన తువ్వాల వేసుకుని బస్సెక్కాడు. వారం తర్వాత తిరిగొచ్చిన మనిషి వేరే. మంచినీళ్లు ఇస్తే గోరువెచ్చగా కావాలన్నాడు. మైకు ముందు కూర్చుంటే గుటక చప్పుడు కూడా రాకూడదట, అందుకని అన్నం కూడా చప్పుడు లేకుండా తినడం మొదలుపెట్టాడు. "ఒక్క బొమ్మకే గిట్లయితే, రెండు బొమ్మలైతే నన్ను గుర్తుపడతవా?" అన్నాను. గుర్తుపడతానని, అది కూడా గోరువెచ్చగానే చెప్పాడు.

ఆ వానాకాలంలోనే గొంతు బొంగురుపోయింది. పడిశమనుకున్నాం. మిరియాల కషాయానికి తగ్గలేదు. పాలమూరు దవాఖానకు పోతే గొంతులో గడ్డలున్నాయి, కోసి తీయాలన్నారు. తీసినదాన్ని పరీక్షకు పంపితే, ఆ కాగితం వచ్చేదాకా నేను ముద్ద మింగలేదు. చెడ్డ రోగం కాదన్నారు. దేవుడు చల్లగా చూశాడు. కానీ ఇక జన్మలో అరవకూడదన్నారు.

ఇప్పుడు ఆయన మాట్లాడితే సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు ఉంటుంది. మూడు చేన్ల అవతలికి వినబడ్డ మనిషి నన్ను పిలవాలంటే రెండు చప్పట్లు కొడతాడు. కిరీటం, రంగుల డబ్బా అటక మీదికెక్కాయి. ఆ అటక కిందనుంచి పోవాల్సొస్తే నేను తలెత్తకుండా పోయేదాన్ని.

చలికాలంలో శ్రవణ్ మళ్లీ వచ్చాడు, చేతిలో నల్లటి పెట్టెతో. పట్టుచీర పెట్టెలా తెరుచుకుంటుంది. లోపల నాలుగు డిస్కులు, ఒక్కోదాని మీద ఒక్కో రంగుబొమ్మ. మా ఇంట్లో ఉన్న పాత ప్లేయరు ఎప్పుడో పాతసామాన్లవాడికి పోయిందని వాడే ఒక ప్లేయరు కూడా తెచ్చాడు.

"గిదేందిర, టీవీల రాదా?" అన్నాను.

"రాదత్తా. ఇష్టమున్నోళ్లు కొనుక్కొని ఇంట్ల పెట్టుకుంటరు. మళ్ల మళ్ల సూస్తరు."

"మళ్ల మళ్లనా?" పెట్టె చటుక్కున మూసేశాను. "గిండ్ల మీ మామ సస్తడార?"

"సస్తడత్తా. ఆఖరు డిస్కుల. మస్తు సస్తడు!"

"ఎన్ని పెట్టెలమ్మిండ్రు?"

"నాకు తెల్వదు. వెయ్యో, రెండు వేలో."

నేను నేల మీద కూలబడ్డాను. బయలాటలో అయితే ఎప్పుడు చస్తాడో నాకు తెలుసు, పొయ్యి సిద్ధంగా పెట్టుకుంటాను. ఇప్పుడెట్లా? ఒకడు హైదరాబాద్‌లో అన్నం తింటూ ఈయనను చంపుతాడు, ఇంకొకడు గుంటూరులో నిద్రపట్టక చంపుతాడు. నేను చేనులో కలుపు తీస్తుంటాను, ఈయన ఎక్కడెక్కడో చస్తూనే ఉంటాడు. ఎన్ని బస్తాల ఉప్పు తిప్పి పోయాలి? మొన్ననే కదా ఆ కాగితం కోసం దవాఖాన బెంచీ మీద కూర్చుని వణికింది! ఇదంతా గట్టిగా అనేశాను. శ్రవణ్ నవ్వాడు. ఈయన నవ్వలేదు. నా పక్కన వచ్చి కూర్చుని మోచేతి మీద తట్టాడు.

"ఒక్కసారి సూడే," అన్నాడు, ఆ గాలి గొంతుతో. "ఆఖరు దాంక. నా గొంతు ఇగ గండ్లనే ఉన్నది."

ఊరూరా మెప్పు పొందినవాడు, రచ్చ గెలిచీ ఇంట గెలవలేకపోయాడు పాపం. కానీ భయం భయమే.

"సూస్త," అన్నాను. "సచ్చేముందు మాత్రం లేస్త. నాకు భయం."

ఆయన తల ఊపి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. పిలవకపోయినా భీమమ్మక్క ఉడకబెట్టిన పల్లీలతో వచ్చి అందరికన్నా ముందు కూర్చుంది. ఎందుకైనా మంచిదని రిమోట్ నేను లాక్కున్నాను. ఎక్కడ ఆపాలో శ్రవణ్ చూపించాడు.

ఏం బొమ్మలమ్మా అవి! వీరుడికి తెల్ల జుట్టు, మోకాళ్ల కిందకి ఎర్ర కోటు. చేతిలో నల్ల గొడుగు. ఊరంతా కుండపోత వాన, వీడేమో గొడుగు విప్పడు, దాంతో దయ్యాలను పొడుస్తాడు. "తడిసి సస్తడు గానీ, జుట్టు మాత్రం చెదరది," అంది భీమమ్మక్క. నిజమే. ఒక్కో దయ్యాన్ని చంపేముందు కొంచెంసేపు నిలబడి కోటు గాలికి ఎగరనిస్తాడు. ఆ సందులో ఆ దయ్యం పారిపోవచ్చు కదా! పారిపోదు, అది కూడా నిలబడి చూస్తుంది. మా బయలాట వీరులే నయం, పద్యం పాడుతూ కూడా పొడుస్తారు.

ఇక రాక్షసుడు వచ్చాడు. వెయ్యేళ్ల వయసట, కొత్త పెండ్లికొడుకులా సూటు, బూటు, మెడకు టై. నోరు తెరిచాడో లేదో ఒళ్లు జల్లుమంది. మా ఆయన గొంతు! పప్పులో ఉప్పు లేదని అనే గొంతే, ఆ సూటు లోపలనుంచి ఇంటి గోడలు అదిరేలా నవ్వుతోంది. భీమమ్మక్క నోట్లో పల్లీ నోట్లోనే ఉండిపోయింది. నేను ఈయన వైపు చూస్తే, ఈయన బనీను వేసుకుని బుద్ధిమంతుడిలా గోడకానుకుని కూర్చున్నాడు.

"సూటు నీకు బాగనే ఉన్నది," అన్నాను. "లగ్గం నాడు ఒక్క షర్టన్న కొత్తది తొడుక్కుంటివా?"

మీసం లాక్కున్నాడు.

ఆఖరు డిస్కు పెట్టారు. ఎత్తైన మేడ మీద, వానలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. వీరుడు గొడుగు పైకెత్తాడు. ఇది మా అత్త చెప్పిన ఘడియ, నేను లేచిపోవాల్సిన ఘడియ. నా బొటనవేలు రిమోట్ మీదికి పోయింది.

అప్పుడే ఎందుకో ఈయన వైపు చూశాను. ఈయన టీవీ చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు. టీవీలో రాక్షసుడు గర్జిస్తుంటే ఈయన పెదవులు కదులుతున్నాయి, అదే మాటకు అదే కదలిక, అక్షరం తప్పకుండా. పెదవులు ఇక్కడ, గొంతు అక్కడ. చేతులు కూడా ఆటలో తిప్పినట్టు కొంచెం కొంచెం తిరుగుతున్నాయి. నా కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. పోనీ, అత్త ఏ లోకాన ఉన్నా తిట్టుకోనీ అనుకుని రిమోట్ కింద పెట్టేశాను.

గొడుగు దిగింది. రాక్షసుడు మేడ అదిరేలా అరిచాడు. నిజంగా చక్కగా చచ్చాడు, రాయచూరు వాళ్లు అబద్ధమాడలేదు. తూలి, మనకు వీపు పెట్టి, మోకాళ్ల మీద కూలాడు. సూటు అంచులు బూడిదై వానలో కొట్టుకుపోతున్నాయి. అరుపు ఆగింది. వాన చప్పుడొక్కటే మిగిలింది. ఆ వానలో, గర్జన కాకుండా, పొద్దుగూకి చేను నుంచి వచ్చి గడపలో చెప్పులు విడిచేటప్పటి గొంతుతో, మెల్లగా వినబడింది.

"ఏమే... పొయ్యి ముట్టియ్యే. వస్తున్న."

భీమమ్మక్క రెండు చేతులూ చరిచింది. "ఆఁ! గిదే! గీ మాటినక ఎన్ని దినాలాయె!"

"గిదేందక్కా?" అన్నాను.

"ఏందంటవేందే? ప్రతి ఆటల సచ్చేటప్పుడు గిదే అంటుండె గదా! వీరుడు పొడుస్తడు, ఈయన పడతడు, జనమంత సప్పుడు చెయ్యకుంట కూసుంటరు. 'వనజా, పొయ్యి ముట్టియ్యే, వస్తున్న' అంటడు. ఇగ సూడు, ఏడ్సెటోళ్లు గుడ నవ్వి, ఈలలేసి, అప్పుడు ఇండ్లకు పోతుండె. నిన్ను గందుకే గద అందరం అడుగుతుంటిమి, ముట్టిచ్చినవా అని." అని ఆగి నా మొహంలోకి చూసింది. "ఓయమ్మో. నీకు తెల్వనే తెల్వదా?"

నాకెట్లా తెలుస్తుంది? ఆయన ఆ మాట అనేవేళకు నేను ఇంట్లో పొయ్యి ముట్టిస్తున్నాను.

శ్రవణ్ తల గోక్కున్నాడు. "కాయిదం మీద వేరే మాటున్నదత్తా, చీకటికి సావు లేదని. మామ నోట్ల నుంచి అలవాటుగ గిది వచ్చింది. మా సారు జరసేపు నవ్విండు. ఇంకోసారి చెప్పిద్దామంటె సారే వద్దన్నడు. మొహం అటుదిక్కున్నది గద, ఏ మాటైనా అతుకుతదని ఉంచిండు."

నేను మా ఆయన వైపు తిరిగాను. ఇంటికప్పు వైపు చూస్తూ మీసం లాక్కుంటున్నాడు. కోపమొచ్చింది. ఏడుపొచ్చింది. రెండూ కలిసి ముక్కులోంచి కారాయి.

"ఓ ముసలోడా! ఊరూరు తిరిగి అందరికీ చెప్తివి. ఇంట్ల ఉన్నదానికి ఒక్కమాట చెప్పకపోతివి గదా!"

ఆయన నా వైపు వంగాడు.

"చెప్తె," అంది గాలి గొంతు, "ఇందామని ఆడనే కూసుందువు. ఇంట్ల పొయ్యెవరు ముట్టిస్తరే?"

భీమమ్మక్క పడి పడి నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను. ఏడుస్తూనే నవ్వాను. నవ్వుతూనే లెక్క వేసుకున్నాను. వెయ్యి పెట్టెలో రెండు వేలో, గుంటూరువాడైనా పట్నంవాడైనా, ఆ డిస్కు ఎవరు పెట్టినా సరే, ఈయన చచ్చి ఊరుకోడు. వస్తున్నానని చెప్పిగానీ పోడు.

"మళ్ల పెట్టనా అత్తా, గా సీను?" అన్నాడు శ్రవణ్.

"పెట్టు. జర ఆగి పెట్టు."

వంటింట్లోకి పోయాను. గ్యాస్ పొయ్యి ముట్టించాను. గుప్పిట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకున్నాను. అవతల మళ్లీ వాన మొదలైంది, గొడుగు దిగింది, మా ఆయన అరిచి పడ్డాడు. కొంచెంసేపు వాన చప్పుడొక్కటే. ఆ తర్వాత ఆ మాట వినబడింది.

"ముట్టిచ్చిన!" అని ఇల్లంతా వినబడేలా కేక పెట్టాను. "ఇగ రా!"

ముందు గదిలోంచి రెండు చప్పట్లు వినబడ్డాయి.