తోమకూడని వెండి

"ఆ నల్లబిళ్ళల్ని కూడా ఇలా పడెయ్యమ్మా, పనిలో పనిగా తోమేస్తా," అంటారు మా అత్తగారు, వెండి గ్లాసులు ముందేసుకుని కూర్చున్నప్పుడల్లా. నేను నవ్వేసి ఊరుకుంటాను. ఎలాగూ తోమేది నేనే. ఆవిడ రెండు గ్లాసులు రుద్ది నడుం పట్టేసిందని లేస్తారు, మిగతావన్నీ నా ముందుకు వస్తాయి.

నల్లబిళ్ళలంటే నా పాత బ్రిటిష్ వెండి నాణేలు. కొన్ని షిల్లింగులు, ఫ్లోరిన్లు, ఒక పెద్ద అర్ధ క్రౌను. ఎవరి సొరుగులోనో కాగితం పొట్లంలో తరాల తరబడి పడి ఉంటే, గాలీ కాగితమూ కలిసి వాటికి మెల్లగా రంగు పట్టించాయి. ఎవరూ వేసింది కాదు, దానంతటది వచ్చింది. అర్ధ క్రౌనుని అంచు పట్టుకుని కిటికీ దగ్గర కాస్త వంచితే, దాని మీదున్న రాణి బొమ్మకి చెంప మీద లేత బంగారం, మెడ వెనక గులాబీ, అంచు చుట్టూ నెమలికంఠం నీలం. ఆఫీసులో సెక్షన్ హెడ్‌ని నేనే అయినా మీటింగుకి టీలు చెప్పి రమ్మనేదీ నన్నే. అలాంటి రోజు ఇంటికి రాగానే ఆ నాణెం చేతిలోకి తీసుకుంటే నా ప్రాణం కుదుటపడుతుంది. మా ఆయన మాత్రం ఇంటికెవరొచ్చినా, "మా ఆవిడ తుప్పు పోగేస్తుంది," అని నవ్విస్తారు. వెండికి తుప్పు పట్టదండీ అని చెప్పాలనిపిస్తుంది. అప్పటికి కప్పులు ఏరుకుని వంటింట్లోకి వెళ్ళిపోతూ ఉంటాను.

ఒక ఆదివారం నాణేల సంఘం వాళ్ళ ప్రదర్శనలో మొట్టమొదటిసారి నాకూ ఒక బల్ల ఇచ్చారు. నా నాణేలకి నడిమధ్య ఆ అర్ధ క్రౌను. సరిగ్గా అదే రోజుకి మా ఆయన వాళ్ళ అక్కా బావల్ని భోజనానికి పిలిచారు. ఇదేమిటని అడిగితే, పొద్దున్నే లేచి వంట చేసేసి వెళ్ళు, ఎవరొద్దన్నారు అన్నారు. సిగ్గులేకుండా దానికీ తలూపాను.

ముందురోజు, శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చి, కళ్ళు మూసుకోమని నా అరచేతిలో ఏదో పెట్టారు. కళ్ళు తెరిచి చూస్తే అర్ధ క్రౌను. కొత్త చెంచాలా తెల్లగా ఉంది. నీలం లేదు, గులాబీ లేదు. రాణి చెంప నిండా వెంట్రుకల్లాంటి గీతలు.

"నలుగురిలో పెడతావు కదా, బాగుండాలని పేస్టు వేసి పాత బ్రష్షుతో రుద్దా. చేతులు పడిపోయాయనుకో. మిగతావి భోంచేశాక చేద్దాం," అన్నారు మెచ్చుకోలు కోసం చూస్తూ.

పెళ్ళయ్యాక ఆయన నా కోసం తోమిన మొదటి వస్తువు అది.

కోపంతో చేసి ఉంటే తిరిగి కోప్పడేదాన్ని. ప్రేమగా చేసినదానికి ఏమనాలో నాకెవరూ నేర్పలేదు. "నీ కోసమే కదమ్మా చేశాడు," అని అత్తగారు వెనకనుంచి అందించారు. పర్లేదు అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. పుట్టినరోజు మరిచిపోయినా, రావలసిన ప్రమోషన్ నా కింద పనిచేసేవాడికి పోయినా నా నోట వచ్చింది ఆ మాటే. నాకు ఏ కాస్త రంగు పట్టినా, మంచి చేస్తున్నామనుకుంటూనే ఎవరో ఒకరు రుద్దేస్తూ వచ్చారు. పర్లేదంటూ రుద్దనిచ్చింది నేనే. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"ఇది పాడైపోయిందండీ," అన్నాను. "ఆ రంగు రావడానికి నూరేళ్ళు పట్టింది. నన్నడక్కుండా నా వస్తువులు ముట్టుకోకండి. రేపు వంట కూడా నేను చెయ్యను."

ఆయన మొహం మాడిపోయింది. మళ్ళీ నల్లబడుతుందిలే అని గొణిగి, సాయం కోసం తల్లి వైపు చూశారు.

అత్తగారు నా చేతిలోంచి నాణెం తీసుకున్నారు. నేను పట్టుకున్నట్టే, అంచు పట్టుకుని. ఇన్నేళ్ళూ ఆవిడ నన్ను గమనిస్తున్నారని నాకు తెలియదు.

"మళ్ళీ రాదా ఆ రంగు?"

"ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే మెల్లగా ఏదో ఒక రంగు వస్తుందత్తయ్యా. పాతది కాదు. గీతలు మాత్రం పోవు."

తిట్లకి సిద్ధపడ్డాను. ఆవిడ నాణెం నాకిచ్చేసి కొడుకు వైపు తిరిగారు. "రేపు మీ బావా నువ్వూ కలిసి వండండిరా. నేను కోడలితో వెళ్తున్నా." తర్వాత నన్ను మొహమాటంగా అడిగారు, "అక్కడ కూర్చోడానికి కుర్చీ ఉంటుందా?"

బల్ల ఇచ్చిన రోజే సంఘం వాళ్ళు దానికి రెండు కుర్చీలు వేస్తామన్నారు. రెండో కుర్చీకి ఎవరొస్తారని అడిగితే మా ఆయన పేరు చెప్పాను, ఆయన్ని అడగకుండానే.

"ఉందత్తయ్యా, మీదే," అన్నాను.