జున్నుపాల గిన్నె

నవీన బహ్లా అనే ఊళ్లోని ఒక తోటకి పాల శాంపిళ్ల కోసం వెళ్లింది. మస్కట్‌లో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో ఆమె రీసెర్చ్ అసిస్టెంటు. కాచని పాలతో మనుషులకు సోకే బాక్టీరియా మీద అక్కడ పరిశోధన జరుగుతోంది. ఊళ్ల మీద తిరిగి, ఆవులూ మేకలూ ఉన్న చోటల్లా చిన్న చిన్న సీసాల్లో పాలు పట్టుకుని, ఐస్ పెట్టెలో సర్దుకుని రావడం ఆమె పని. డ్రైవరు సమీయుల్లా ఎక్కడికి పోయినా బండిని నీడలో పెట్టుకుని కునుకు తీస్తాడు. అందుకని ఈ ప్రయాణాల్లో ఆమెకి మాట తోడు కూడా ఉండదు.

ఆ రోజు ఖర్జూరపు చెట్ల వెనక ఉన్న కొట్టం దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఆవుని తిడుతున్నారు.

"ఏందే, మూతి తిప్పేది ఎక్కువైంది నీకు! బిడ్డతల్లివైతే మాత్రం, ఇంత పొగరా?"

అచ్చమైన తెలుగు. నవీనకి నవ్వొచ్చింది.

"ఏ ఊరన్నా మీది?"

ఆ మనిషి చేతిలోని గడ్డిమోపు జారి కిందపడింది. యాభై దాటిన వయసు, పైకి మడిచి కట్టిన లుంగీ, మెడలో తువ్వాలు.

"తెలుగామెవా తల్లీ! మాది రాజంపేట పక్కన పల్లె. ఓబయ్య అంటారు. ఈ తోటలో నా మాట తెలిసేది ఈ ఆవొక్కదానికే. అది గూడా బదులు పలకదు."

అక్కడివాళ్లు అర్బాబు అని పిలిచే యజమాని మేకల దగ్గర నవీన సీసాలు నింపుకుంటున్నంత సేపూ ఓబయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. ఎన్నాళ్లుగానో లోపల దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటికి వచ్చినట్టున్నాయి. ఆ ఆవు రెండుసార్లు ఈచుకుపోయింది, నెలలు నిండకుండానే దూడ చచ్చి పడింది. రెండోసారి అయ్యాక, కసాయికి అమ్మేస్తానన్నాడు అర్బాబు. ఒక్క ఈత చూడమని ఓబయ్య అతని కాళ్లు పట్టుకున్నంత పనిచేశాడు. "ఈసారి కూడా పోతే నువ్వూ దానితో పాటే పోతావు" అన్నాడట అర్బాబు. ఈ వారంలోనే అది పెయ్యదూడని ఈనింది. గోధుమరంగు దూడ గోడవారన ముడుచుకుని పడుకుని ఉంది.

"పురుడు ఎవరు పోసిన్రు?"

"ఇంకెవురు, నేనే. ఈ చేతుల్తోనే లాగినా. పోయిన రెండు తూర్లూ చచ్చినవాటిని తీసి పూడ్చింది గూడా నేనే."

"గ్లౌజులు తొడుక్కున్నరా అన్నా?"

ఓబయ్య పకపకా నవ్వాడు. "బిడ్డని పట్టుకునేదానికి గ్లౌజులెందుకమ్మా!"

లేవబోయి నడుం పట్టుకుని ఆగాడు. చలిగాలి వీస్తున్నా అతని నుదుటి మీద చెమట నిలిచి ఉంది.

"జ్వరమా?"

"సాయంత్రమైతే వస్తాది, తెల్లారేసరికి పోతాది. చుట్టం మాదిరి. పోయినేడు నుంచి వచ్చిపోతా ఉండాది. ఒక మాత్రేసుకుంటే సరి."

నవీన ఆవు పాలు పట్టుకోలేదు. ఈని వారం కాని పశువు పాలు తమ పరీక్షకి తీసుకోకూడదు. ఆ చిక్కటి పాలు ఫలితాన్ని తప్పుదారి పట్టిస్తాయి. పెట్టె మూసి బయల్దేరబోతుంటే ఓబయ్య మూతపెట్టిన స్టీలు గిన్నె తెచ్చాడు.

"జున్నుపాలు తల్లీ. ఇవి అమ్మగూడదు, పంచాల. ఈడ ఎవురికి పంచేది? అర్బాబుకిస్తే వాసన చూసి పారబోసినాడు. నువ్వుండేది యాడ?"

"సీబ్‌ల, మస్కట్ పక్కన."

అతని ముఖం వెలిగిపోయింది. "మా పెంచలమ్మ ఆడనే ఉండాది! ఒక విల్లాలో పని. చూసి ఆర్నెల్లాయ. సగం మీరు తినండి, సగం దానికియ్యండి. నేను జున్ను వండుకోలేదులే. మొదటి చారెడు నేలకి పోసి, రెండోది పచ్చిగానే నోట్లో పోసుకున్యా. మా నాయన నేర్పింది. నాకది చాలు."

గిన్నె అంచున చుక్కచుక్కలుగా పొడిచిన పేరు ఉంది: పెంచలమ్మ. ఆ చుక్కల గుంటల్లో పాలు తెల్లగా ఇంకి ఉన్నాయి.

"గిన్నె మాత్రం కడగబాకండి. కడిగితే పొదుగు ఎండిపోతాదని మా యమ్మ చెప్పేది. అట్నే ఇంత బెల్లం ముక్కేసి పంపండి. సరేనా?"

"సరే అన్నా."

బండిలో కూర్చున్నాక గిన్నెని ఒళ్లో పెట్టుకోలేదు నవీన. రెండు కవర్లు చుట్టి ఐస్ పెట్టెలో పెట్టింది. ఈచుకుపోయే పశువు, సాయంత్రం జ్వరం, నడుంనొప్పి. ఈ మూడింటినీ ఒకే పేరాలో తనే ఎన్ని రిపోర్టుల్లో టైపు చేసిందో! బ్రూసెల్లా. తమ ల్యాబ్ పాలలో వెతికే బాక్టీరియా అదే. కాగితం మీద ఆ పేరుకి ముఖం ఉండేది కాదు. ఇప్పుడు తువ్వాలు వేసుకుని నవ్వుతోంది.

ఇంటికి రాగానే భర్త సంజీవ్ గిన్నె చూసి ఎగిరి గంతేశాడు.

"జున్నుపాలా! ఎన్నేండ్లాయె తినక!"

"దూరముండు. దాన్ని ముట్టకు."

నవీన చేతులకి తొడుగులు వేసుకుని, ముక్కుకి మాస్కు పెట్టుకుని, కాసిని పాలు ఒక చిన్న సీసాలోకి తీసి మూత బిగించింది. మిగతావి బెల్లం కలిపి వేరే గిన్నెలో ఆవిరికి పెట్టింది. చాకు గుచ్చితే అంటకుండా వచ్చింది. అయినా దించలేదు.

"అది వంటిల్లా, ల్యాబా?" అన్నాడు సంజీవ్. "ఇంకా ఉడికిస్తే ఇటుకైతది గదనే."

"కానీ. ఇటుకే తిందువు."

ఉడికాక భయం లేదని ఆమెకి తెలుసు. భయం జున్ను గురించి కాదు. ఆ సీసా ల్యాబ్ లిస్టులోది కాదు. ఒకరు చేతికిచ్చిన కానుక. దాన్ని సింకులో పోసేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఆవు బతుకుతుంది. ఓబయ్య పచ్చిపాలు తాగుతూనే ఉంటాడు. ఆ జ్వరం వచ్చి పోతూ, పోతూ వస్తూ, ఏదో ఒకనాడు గుండెలోనో వెన్నులోనో కాపురం పెడుతుంది.

శుక్రవారం నాడు జున్ను డబ్బా పట్టుకుని విల్లా వెనక గేటు దగ్గరికి వెళ్లింది. పెంచలమ్మ తడి చేతులు పైటకి తుడుచుకుంటూ వచ్చింది. బక్కపలచటి మనిషి, చురుకైన కళ్లు. భర్త జున్నుపాలు పంపాడని వినగానే గేటు పక్కన మెట్టు మీదే కూలబడి, డబ్బా తెరిచి, చెంచాతో ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

"కొంచెం గట్టిపడిందే," అంది కళ్లు తెరిచి. "అయినా శానా బాగుండాది. చూడు తల్లీ, ఆ మనిషి పెళ్లైనకాణ్ణుంచి నాకొక పట్టుచీర కొనలేదు. ఆవుకి మాత్రం దోమతెర కొన్న్యాడంట!"

నవీన నవ్వలేకపోయింది. పెంచలమ్మ అది చూసింది.

"ఏందమ్మా? ఆయప్పకి ఏమన్నా అయిందా?"

నవీన ఉన్నదున్నట్టు చెప్పింది. మధ్యలో ఆపకుండా విన్నది పెంచలమ్మ.

"ఫోన్లో నడుంనొప్పి అంటాడు, చెమటలంటాడు. వయసైందిలే అనుకుంటి."

"పరీక్ష చేస్తే తెలుస్తది అక్కా. మందుంది. నెలన్నర మానకుండా మింగితే నయమైతది. కానీ ఆవుకి ఉన్నదని తేలితే పశువుల డిపార్ట్‌మెంట్ వాళ్లు దాన్ని ఉంచరు. దూడను కూడా. అర్బాబు అన్నను పనిలో ఉంచుకుంటడో లేదో."

"ఆవుని ఇడిసిపెట్టి, ఆయన ఒక్కడికే మందిస్తే?"

"ఆ ఆవు దగ్గరనే ఉంటే మళ్లీ వస్తది. ఆ తోటల పాలు తాగే పిల్లలకి కూడా."

పెంచలమ్మ డబ్బా అడుగున ఏమీ లేకపోయినా చెంచాతో గీకుతూ కూర్చుంది. లోపలి నుంచి ఎవరో పిలిచారు.

"చెయ్యి తల్లీ," అంది చివరికి. "ఆవు పోతే తిడతాడు. తిట్టనీ. తిట్టేదానికి మనిషుండాల గదా. నేను చెయ్యమన్న్యానని మాత్రం ఆయనకి చెప్పబాకు. దినామూ ఫోన్లో ఆయన గొంతు ఇనబట్టే నేనీ కొంపలో ఉండగలుగుతాండా."

వారాంతపు సెలవు అయ్యాక నవీన ఆ సీసానీ, కవర్లో చుట్టిన గిన్నెనీ ల్యాబ్‌కి తీసుకెళ్లింది. ప్రొఫెసర్ సాలిమా సీసా మీది పేరు చూసి, "ఇది మన లిస్టులో లేదే?" అంది. నవీన జరిగింది చెప్పింది. సాలిమా జున్నుపాలకి మామూలు పరీక్ష పనికిరాదు గనక బాక్టీరియా జన్యువుని నేరుగా వెతికే పరీక్షే చెయ్యమంది. ఆ ఒక్కటే నమ్మి ఎవరి పశువునీ చంపకూడదని, ఆవు నుంచీ మనిషి నుంచీ రక్తం తీయించాలని కూడా చెప్పింది.

పాలలో ఉందని తేలింది. ఆవు రక్తంలోనూ, ఓబయ్య రక్తంలోనూ ఉంది. ప్రతిసారీ నవీన యంత్రం తెర మీద గీత పైకి లేవడం చూస్తూ, ఈసారి లేవకూడదని కోరుకుంది. ఒక పరిశోధకురాలు కోరుకోకూడని కోరిక అది.

ఇక గిన్నె మిగిలింది. ఆ పాలు తగిలిన ఏ వస్తువైనా గది దాటాలంటే ఆటోక్లేవ్‌లోంచి పోవాల్సిందే. అది మనిషెత్తు ప్రెషర్ కుక్కర్ లాంటిది, లోపలికి వెళ్లిన ఏ ప్రాణీ బతికి బయటికి రాదు. ఆ నియమాన్ని కొత్తగా చేరిన పిల్లలకి నేర్పేది నవీనే. తలుపు తెరిచి గిన్నె లోపల పెట్టి, తనే మీట నొక్కింది. బయటికి వచ్చాక దాన్ని రుద్ది కడిగి, తుడిచింది. గిన్నె కొత్తదానిలా తళతళా మెరిసింది. పేరులోని చుక్కల గుంటల్లో ఇప్పుడు తెలుపు లేదు.

ఆమె మళ్లీ బహ్లా వెళ్లేసరికి కొట్టం ఖాళీగా ఉంది. నేలంతా సున్నం చల్లారు. గుంజకి కట్టిన దోమతెర మాత్రం ఎవరూ విప్పలేదు. గాలికి ఉబ్బుతూ, ముడుచుకుంటూ ఉంది.

ఓబయ్య గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం కాస్త తేటపడింది.

"జ్వరం పోయిందమ్మా. చెమటలూ లేవు. మీ మాత్రలు మంచివే."

"నెలన్నరా మింగాలె అన్నా. మధ్యల ఆపొద్దు."

"ఆపనులే. అవి అయిపోయినాక ఊరికి పంపిస్తాడంట అర్బాబు. టికెట్టు ఆయనే తీస్తాడంట. మంచోడే."

నవీన గిన్నె అందించింది. లోపల ఒక బెల్లం ముక్క ఉంది. ఓబయ్య గిన్నె అటూ ఇటూ తిప్పి చూశాడు. పేరు మీద బొటనవేలు రాశాడు. ఏమీ అంటుకోలేదు.

"కడిగినారా?"

"కడగక తప్పలేదన్నా."

అతను గిన్నెని మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"కడిగితే మాత్రం ఏముండాదిలే," అన్నాడు మెల్లగా. "ఎండిపోయేదానికి పొదుగు యాడుండాది?"

క్షమించమని అడగాలనుకుని వచ్చింది నవీన. ఆ మాట ఇప్పుడు అతని మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందని ఊరుకుంది.

"జున్ను ఎట్టుండె?"

ఆమె తలెత్తింది. అతను నిజంగానే అడుగుతున్నాడు.

"చాలా బాగుండె. నేను తిన్న. మా ఆయన తిన్నడు. పెంచలక్క డబ్బా అడుగు కూడ గీకింది."

"ఏమన్నాది?"

"కొంచెం గట్టిపడిందన్నది. మీరు తనకి పట్టుచీర కొనలేదు గాని, ఆవుకి దోమతెర కొన్నరన్నది."

ఓబయ్య నవ్వాడు. ఆ నవ్వు బాగానే మొదలై సగంలో ఆగిపోయింది. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, గిన్నెలోంచి బెల్లం తీసి రెండుగా విరిచాడు. ఒక ముక్క పట్టుకున్న చెయ్యి అలవాటుగా పక్కకి, మేతతొట్టి వైపు చాచాడు. తొట్టి మీద ఆ చెయ్యి అలాగే ఆగింది. తర్వాత రెండు ముక్కల్నీ తిరిగి గిన్నెలో వేసి మూతపెట్టాడు.

"ఇది పెంచలమ్మకియ్యండి. గిన్నె దానిది. నేను పోతాండా, అది ఈడే ఉంటాది గదా. పని చేసుకోనీ."

నవీన గిన్నె అందుకుంది. బండి దగ్గరికి నాలుగడుగులు వేసిందో లేదో, వెనక నుంచి పిలిచాడు.

"అమ్మా! దానితో ఒక మాట చెప్పు. నేను ఎవురినీ తిట్టలేదని చెప్పు."

నవీన వెనక్కి తిరిగింది. పరీక్ష చెయ్యమన్నది పెంచలమ్మేనని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ఓబయ్య అప్పటికే లేచి, గుంజకున్న దోమతెర ముడి విప్పుతున్నాడు.

సమీయుల్లా బండి స్టార్ట్ చేశాడు. ఈసారి గిన్నెని ఐస్ పెట్టెలో పెట్టాల్సిన పనిలేదు. నవీన దాన్ని ఒళ్లో పెట్టుకుంది. సీబ్ దాకా రోడ్డు కుదిపినప్పుడల్లా లోపల బెల్లం ముక్కలు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతూనే ఉన్నాయి.